మాయా, మ్యాక్స్, మన ఫీజు

టేక్మాల్‌లో డిజైనర్లు లేరని ఎవరన్నారు? బస్సు దిగి ఒకసారి తలెత్తి చూడండి. కరెంటు స్తంభానికీ వేపచెట్టుకూ మధ్య లాగి కట్టిన ఆ ఫ్లెక్సీలో ఎంత కళ ఉందో! పై వరసలో గుండ్రటి చట్రాల్లో ఢిల్లీ నుంచి జిల్లా దాకా పెద్దలు, ప్రోటోకాల్ ఎక్కడా తప్పకుండా. నడుమ పుట్టినరోజు నాయకుడు, చేతులు జోడించి మన మీదికే నడిచొస్తున్నట్టు. ఆయన వెనక సింహం. సింహం వెనక మెరుపు. కింద శుభాకాంక్షలు తెలిపేవారి ఫొటోలు, ఎవరి చందా ఎంతో వారి తలకాయ అంత. ఇదంతా చదరపుటడుగు లెక్కన రాత్రికి రాత్రి తయారుచేసిన ఇరవై ఏళ్ల పిలగాణ్ని ఊళ్లో ఎవరూ డిజైనర్ అనరు. "ఫ్లెక్సీలు కొట్టే పోరడు" అంటారు.

ఆ పోరడి చేతిలో ఉన్న విద్యను తక్కువ చేయకండి. నాయకుడి ఫొటో వాడికి స్టూడియో నుంచి రాదు. నాలుగు చేతులు మారి, వాట్సాప్‌లో నలిగి, పెళ్లి పందిట్లో దిగిన గ్రూప్ ఫొటో రూపంలో వస్తుంది. అందులోంచి సారును బయటికి తీయాలి. పెన్‌టూల్ పట్టుకొని తల చుట్టూ చుక్క పెట్టుకుంటూ పోవాలి. చెవి మలుపు దగ్గర జూమ్ చేయాలి. జుట్టు చివర కాస్త ఫెదర్ ఇవ్వకపోతే సారు కత్తెరతో కోసి అంటించినట్టు ఉంటాడు. భుజం మీద పక్కవాడి చెయ్యి ఉంటే దాన్ని మాయం చేసి ఖద్దరు గుడ్డ అతకాలి. బొట్టు పోకూడదు, బట్టతల కనబడకూడదు, వయసు పదేళ్లు తగ్గాలి. తెల్లారి ఆరింటికి కట్టాలి. ఈ సంగతి గుర్తుంచుకోండి, తర్వాత పనికొస్తుంది.

ఒక శుభముహూర్తాన ఈ పిలగాడి ఫోన్‌లోకి ప్రకటన వస్తుంది: యానిమేషన్ నేర్చుకో, డిజిటల్ డిజైన్‌లో పైకి ఎదుగు, డ్రాయింగ్ రాకపోయినా పర్వాలేదు. ఆ చివరి ముక్క రాసినవాడికి సాష్టాంగ నమస్కారం చేయాలి. హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లో జవహర్‌లాల్ నెహ్రూ ఆర్కిటెక్చర్ అండ్ ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ ఉంది. 2008లో పెట్టారు. అక్కడా యానిమేషన్ డిగ్రీ ఉంది. పాపం, వాళ్లకు వ్యాపారం తెలియదు. ప్రవేశ పరీక్షలోనే కాగితం చేతికిచ్చి బొమ్మ గీయమంటారు. ఇంత అమాయకంగా ఉంటే ఫీజులు ఎట్లా వస్తాయి?

కోచింగ్ సెంటర్ల అమీర్‌పేటకు ఆ అమాయకత్వం లేదు. టేక్మాల్ నుంచి జోగిపేట, సంగారెడ్డి, పటాన్‌చెరు దాటి వచ్చిన తండ్రీకొడుకులను అక్కడి ఇన్‌స్టిట్యూట్ ఏసీ గదిలో కూర్చోబెట్టి చల్లటి నీళ్లిస్తారు. కౌన్సెలర్ మేడం కంప్యూటర్ తిప్పి ఒక పులిని చూపిస్తుంది, ఒక రాజ్యాన్ని చూపిస్తుంది, జలపాతం మీద ఎగిరే వీరుణ్ని చూపిస్తుంది. వాటిలో ఒక్కటి కూడా ఆ సంస్థలో చదివినవాళ్లు చేసిందని ఆమె అనదు. చేయలేదని కూడా అనదు. పత్తి అమ్మిన పైసలు జేబులో పెట్టుకొని వచ్చిన తండ్రి అడిగేది ఒక్కటే: "మావోనికి నౌకరి వస్తదా మేడం?" ఆమె చెప్పేదీ ఒక్కటే: "తప్పకుండా అంకుల్."

ఆ తర్వాత పేర్లు మొదలవుతాయి. ఫోటోషాప్, ఇలస్ట్రేటర్, ప్రీమియర్, ఆఫ్టర్ ఎఫెక్ట్స్, మాయా, త్రీడీఎస్ మ్యాక్స్, జీబ్రష్, న్యూక్, హౌడినీ. గుళ్లో అష్టోత్తరం చదివినంత లయగా చదువుతుంది. ఒక్కో పేరుకు ఒక్కో రేటు, అన్నీ కలిపి తీసుకుంటే డిస్కౌంట్. హౌడినీ ఒక్కదానితోనే ఏళ్ల తరబడి కుస్తీ పట్టి, నీటినీ పొగనూ మచ్చిక చేసుకోవడమే వృత్తిగా బతికేవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. వాళ్లకు ఈ ఇన్‌స్టిట్యూట్ అడ్రస్ తెలియక అంతకాలం పట్టింది కాబోలు. ఇక్కడది మూడు వారాల మాడ్యూల్.

పాఠం చెప్పే సారు నిరుడు ఇదే గదిలో, వెనక బెంచీలో కూర్చున్న విద్యార్థే. ఉద్యోగం రానివాణ్ని ఫ్యాకల్టీగా తీసుకుంటే ప్లేస్‌మెంట్ లెక్కలో ఒక తల కలుస్తుంది, జీతం లెక్కలో సగం మిగులుతుంది. ఆయన్ని తిట్టడానికి నోరు రాదు. ఆయన కూడా ఎక్కడో ఒక టేక్మాల్ నుంచి వచ్చినవాడే. తనకు చెప్పిందే చెబుతాడు: ఈ బటన్ నొక్కు, ఇక్కడ కీ పెట్టు, అక్కడ కీ పెట్టు, మధ్యలోది సాఫ్ట్‌వేర్ చూసుకుంటుంది.

ఆ మధ్యలోది సాఫ్ట్‌వేర్ చూసుకోదు. యానిమేషన్ బతికేదీ చచ్చేదీ అక్కడే. మొదటి రోజు అందరితో చేయించే బంతి ఎగిరే పాఠమే తీసుకోండి. సెకనుకు 24 ఫ్రేములు. బంతి పైకి పోయి ఆగబోయే చోట బొమ్మలు దగ్గర దగ్గరగా పడాలి, కిందికి వచ్చేకొద్దీ ఎడం పెరగాలి, నేలను తాకిన ఫ్రేములో కాస్త నలగాలి. ఎడం సరిగా ఉంటే అదే గుండ్రం రబ్బరు బంతి అవుతుంది. ఇంకోలా పెడితే ఇనుప గుండు అవుతుంది. డిస్నీలో జీవితమంతా బొమ్మలు కదిలించిన ఫ్రాంక్ థామస్, ఆలీ జాన్‌స్టన్ 1981లో రాసిన పుస్తకంలో ఇట్లాంటి 12 సూత్రాలు చెప్పారు. వాటిలో ఒక్కదానికీ మౌస్ అక్కర్లేదు. అప్పటికి ఫోటోషాప్ పుట్టలేదు, మాయా పుట్టలేదు. ఇన్‌స్టిట్యూట్‌లో ఆ బంతి పాఠం గంటలో అయిపోతుంది. ఎందుకంటే ప్రీసెట్ ఉంది.

ఒక కుర్రవాడి షోరీల్ చూశాను. బర్రె ఒకటి పడుకొని లేస్తుంది. చర్మం మీద వెలుగు, కొమ్ముల మీద గీతలు, ముట్టె మీద తడి, అన్నీ బ్రహ్మాండం. లేవడం మాత్రం ముందు కాళ్లు ఊని లేచింది. గుర్రం అట్లా లేస్తుంది. బర్రె వెనక కాళ్ల మీద నడుము ఎత్తి, ఒక్క క్షణం మోకాళ్ల మీద ఆగి, అప్పుడు ముందు కాళ్లు సర్దుకుంటుంది. ఇది కాలిఫోర్నియా వాడికి తెలియకపోతే క్షమించొచ్చు. ఈ కుర్రవాడి ఇంటి వెనక కొట్టంలో రెండు బర్రెలున్నాయి! పొద్దున్నే పాలు పిండి వచ్చి కంప్యూటర్ ముందు కూర్చున్నవాడు బర్రెను గుర్రంలా లేపాడంటే, అది వాడి తప్పు కాదు. చూడమని వాడికి ఎవరూ చెప్పలేదు. ఫీజు కట్టించుకున్నవాడు వాడి కళ్లను తెర మీది బటన్ల వైపు తిప్పి అక్కడే మేకు కొట్టాడు.

పోనీ, ఆ బటన్లయినా కలకాలం ఉంటాయా? 2000 తర్వాత కొన్నేళ్లు యానిమేషన్ అంటే ఫ్లాష్. ఫ్లాష్ వస్తే చాలు, అమెరికా వెబ్‌సైట్లన్నీ మనవే అన్నారు. మ్యాక్రోమీడియా చేతిలో ఉన్నదాన్ని 2005లో అడోబీ కొనుక్కుంది. 2010లో స్టీవ్ జాబ్స్ తన ఐఫోన్‌లో దానికి చోటు లేదని బహిరంగంగానే రాశాడు. 2016లో ఫ్లాష్ బొమ్మలు తయారుచేసే సాఫ్ట్‌వేర్ పేరును యానిమేట్‌గా మార్చారు. 2020 డిసెంబర్ 31న ఫ్లాష్ ప్లేయర్‌కు మంగళం పాడారు. పన్నెండు రోజులకు, అంటే 2021 జనవరి 12 నుంచి, ఆ ప్లేయర్‌లో ఫ్లాష్ బొమ్మ అంటూ ఏదీ ఆడలేదు. ఫ్లాష్ నేర్చినవాళ్ల సర్టిఫికెట్లు లామినేషన్ చెడకుండా ఇంకా ఎన్నో ఇళ్ల బీరువాల్లో ఉన్నాయి. జురాసిక్ పార్క్ డైనోసార్లను కదిలించిన సాఫ్ట్‌ఇమేజ్‌ను ఆటోడెస్క్ 2008లో కొని, ఇదే ఆఖరి వెర్షన్ అని 2014లో చెప్పేసింది. డైనోసార్లకే దిక్కు లేనప్పుడు మన బర్రె ఎంత?

ఇన్‌స్టిట్యూట్ బోర్డుల మీద నవ్వుతూ కనిపించేది ఎక్కువగా ఛోటా భీమ్. పాపం, లడ్డూ కోసం తప్ప దేనికీ ఆశపడని పిల్లవాడు. ఆ భీమ్‌ను తెచ్చిన గ్రీన్ గోల్డ్‌ను హైదరాబాద్‌లో పెట్టిన రాజీవ్ చిలక ముందు ఇంజనీరింగ్ చదివి, అమెరికా వెళ్లి, ఆ తర్వాత యానిమేషన్ నేర్చుకుని వచ్చినవాడు. సంస్థ పెట్టింది 2001లో. భీమ్ టీవీలోకి వచ్చింది 2008లో. ఆ మధ్య ఏడేళ్లను ఏ బోర్డూ చూపించదు. బోర్డు మీద అంత చోటు ఉండదు.

భీమ్ పక్కన ఖాళీ ఉంటే ఈగ ఉంటుంది. ఈ ఈగ సంగతి కాస్త వివరంగా చెప్పుకోవాలి. 2012లో రాజమౌళి ‘ఈగ’ సినిమా వచ్చినప్పుడు జనం చూసింది పగ తీర్చుకునే ఈగను. దాన్ని తయారుచేసిన మకుట సంస్థ వాళ్లు మొదట చేసిన పని ఈగను పట్టుకోవడం. సీసాలో పట్టి, ఫ్రిజ్‌లో పెట్టి, అది స్పృహ తప్పాక దగ్గరగా ఫొటోలు తీశారు. కాళ్ల మీది నూగు ఎట్లా ఉంది, రెక్కల మీద వెలుగు ఎట్లా విరుగుతోంది, అన్నీ చూశారు. చూశాక అసలు చిక్కు బయటపడింది. ఈగ మొహంలో ఎక్కువ భాగం కళ్లే. కనుబొమ్మ లేదు, పెదవి లేదు, నవ్వడానికీ ఏడవడానికీ అక్కడ ఏమీ లేదు. మాట రాదు. మరి కథానాయకుడు ఎట్లా నటించాలి? 1986లో పిక్సార్ తీసిన లక్సో జూనియర్‌లో ఒక టేబుల్ ల్యాంప్ మొహమే లేకుండా అలుగుతుంది, గంతులేస్తుంది. ఆ దారి పట్టుకున్నారు. తల వంపుతో, కాళ్ల కదలికతో, ఒక్క క్షణం ఆగడంతో ఈగకు కోపం వచ్చింది, దుఃఖం వచ్చింది. 60వ జాతీయ పురస్కారాల్లో స్పెషల్ ఎఫెక్ట్స్ అవార్డు ఆ సినిమాదే.

దీని గురించి ఏ క్లాసులోనైనా అడిగి చూడండి. "ఈగ ఏ సాఫ్ట్‌వేర్‌లో చేశారు సార్?" అని పిల్లలు అడుగుతారు. సారు ఏదో పేరు చెబుతాడు. అందరూ నోట్‌బుక్‌లో రాసుకుంటారు. ఫ్రిజ్ అని మాత్రం ఎవరూ రాసుకోరు.

సరే, కోర్సు అయింది, పార్టీ అయింది, గౌను వేసుకుని ఫొటో దిగడమూ అయింది. ప్లేస్‌మెంట్ అంటే ఏమిటో ఇప్పుడు తెలుస్తుంది: వాట్సాప్ గ్రూపులో ఖాళీల లింకులు వచ్చి పడుతుంటాయి. అదృష్టం బాగుండి, తిరిగి తిరిగి, మన టేక్మాల్ పిలగాడికి ఏదో వీఎఫ్ఎక్స్ కంపెనీలో ఉద్యోగం వచ్చిందనుకుందాం. అది రోటో డిపార్ట్‌మెంట్. ఈ పరిశ్రమలో మన కుర్రాళ్లలో చాలామంది అడుగుపెట్టే గుమ్మం అదే. రోటో అంటే కొత్త వింత ఏమీ కాదు, మ్యాక్స్ ఫ్లైషర్ అనే ఆయన 1915లోనే పేటెంట్‌కు దరఖాస్తు పెట్టుకున్న పద్ధతి. అప్పట్లో గాజు మీద బొమ్మను చూస్తూ గీసేవారు, ఇప్పుడు తెర మీద గీస్తారు. విదేశీ సినిమాలో హీరోయిన్ పరుగెత్తుతుంటుంది. ఆమె వెనక ఉన్న ఊరిని తీసేసి మంటలు పెట్టాలి. కాబట్టి ఆమెను బయటికి తీయాలి. తల చుట్టూ చుక్క పెట్టుకుంటూ పోవాలి. చెవి మలుపు దగ్గర జూమ్ చేయాలి. జుట్టు చివర ఫెదర్ ఇవ్వాలి.

గుర్తొచ్చిందా?

ఊళ్లో నాయకుడి తలకు చేసిన పనే. తేడా ఏమిటంటే అక్కడ సారు కదలడు, ఇక్కడ మేడం పరుగెడుతుంది. అయిదు సెకన్ల షాట్‌కు 120 ఫ్రేములు, గాలికి ఎగిరే ప్రతి పాయా లెక్కే. సూపర్‌వైజర్ రాత్రి పదకొండింటికి వచ్చి అంచు వణుకుతోందని రిటేక్ ఇస్తాడు. వచ్చే జీతంలో గది అద్దె, మెస్ బిల్లు, కోర్సు కోసం తీసుకున్న అప్పు వాయిదా పోగా మిగిలేదాన్ని లెక్కపెట్టడానికి ఎక్సెల్ నేర్చుకోనక్కర్లేదు. ఊళ్లో ఇదే పనికి రోజు గడిచేది, తాగడానికి చాయ్ వచ్చేది, పైగా నాయకుడు భుజం తట్టేవాడు. అయితే ఒక మేలు జరిగిందని ఒప్పుకోవాలి. చుట్టాల్లో ఇప్పుడు వీణ్ని ఫ్లెక్సీ పోరడు అనరు. "హాలీవుడ్‌ల చేస్తుండు" అంటారు.

హాలీవుడ్ సంగతి కూడా విన్నవించుకోవాలి కదా. లైఫ్ ఆఫ్ పై సినిమాలో పడవలో ఉన్న పులిని చేసింది రిథమ్ అండ్ హ్యూస్. ఆ కంపెనీకి మన హైదరాబాద్‌లో కూడా స్టూడియో ఉండేది. 2013 ఫిబ్రవరిలో ఆ పులికి ఆస్కార్ వచ్చింది. అదే ఫిబ్రవరిలో, వేడుకకు ముందే, కంపెనీ దివాలా పిటిషన్ వేసింది. అవార్డు తీసుకున్న బిల్ వెస్టెన్‌హోఫర్ వేదిక మీద తమ కంపెనీ కష్టం గురించి నోరు తెరవగానే జాస్ సినిమాలో సొరచేప వచ్చేటప్పటి సంగీతం వాయించి మైకు ఆపేశారు. పులిని చేసినవాణ్ని సొరచేపతో బెదిరించారన్న మాట. ఇక 2025 ఫిబ్రవరిలో టెక్నికలర్ అనే వీఎఫ్ఎక్స్ సంస్థ కుప్పకూలితే ఒక్కసారిగా మన దేశంలో వేల మంది రోడ్డున పడ్డారు, ఎక్కువ మంది బెంగళూరులో. ఆ వారం అమీర్‌పేటలో డెమో క్లాసులు ఆగి ఉంటాయనుకుంటున్నారా?

సర్కారు చూస్తూ ఊరుకుందని అనడం అన్యాయం. 2016లో రాష్ట్రం యానిమేషన్ రంగానికి ఇమేజ్ పేరుతో ఒక విధానం తెచ్చింది. 2017లో రాయదుర్గంలో ఇమేజ్ టవర్‌కు శంకుస్థాపన చేశారు. చూపించిన త్రీడీ బొమ్మలో ఆ భవనం ఆ రోజే పూర్తయింది, అద్దాలు తళతళలాడాయి, ముందు చెట్లు కూడా పెరిగాయి. అసలు కాంక్రీటు మాత్రం ఏళ్ల తరబడి ఆ బొమ్మ వెంట పరుగెత్తింది. యానిమేషన్ శక్తికి ఇంతకంటే రుజువేం కావాలి? 2022 కేంద్ర బడ్జెట్‌లో ఈ రంగం కోసం టాస్క్‌ఫోర్స్ వేస్తామన్నారు, వేశారు, నివేదిక కూడా వచ్చింది. టేక్మాల్ పిలగాడికి దాని కాపీ అందలేదు. అందితే కవర్ పేజీ డిజైన్ బాగోలేదని అనేవాడు.

నాకు అన్నిటికంటే ముచ్చటగా అనిపించేది బ్లెండర్ కథ. 2002లో టోన్ రోసెండాల్ అనే నెదర్లాండ్స్ ఆయన జనం దగ్గర లక్ష యూరోలు పోగుచేసి, తన సాఫ్ట్‌వేర్‌ను పెట్టుబడిదారుల చేతుల్లోంచి విడిపించి, ప్రపంచానికి ఉచితంగా ఇచ్చేశాడు. 2025లో ఉత్తమ యానిమేషన్ సినిమాగా ఆస్కార్ గెలిచిన లాత్వియా చిత్రం ఫ్లో ఆ ఉచిత సాఫ్ట్‌వేర్‌లోనే తయారైంది. ఒక పిల్లి, పెద్ద వరద, ఒక్క మాట కూడా లేదు. పిక్సార్, డ్రీమ్‌వర్క్స్ సినిమాలు పక్కన కూర్చుని చప్పట్లు కొట్టాయి. ఈ వార్త అమీర్‌పేటకు చేరిన తర్వాత ఏమైంది? మర్నాడే కొత్త బోర్డు: ఆస్కార్ విన్నింగ్ సాఫ్ట్‌వేర్, లిమిటెడ్ సీట్స్. ఉచితంగా దొరికేదానికి ఫీజు కట్టించుకోవడం కంటే గొప్ప యానిమేషన్ ఏముంది? లేనిదాన్ని ఉన్నట్టు కదిలించడమే కదా!

ఇంత నేర్పినవాళ్లు ఒక్క చిన్న సంగతి మాత్రం నేర్పరు. పిలగాడు పండక్కి ఊరొచ్చి, బట్టల దుకాణం సేటు అడిగాడని ఆఫ్టర్ ఎఫెక్ట్స్ తెరిచి సంక్రాంతి శుభాకాంక్షలు అని కొడతాడు. క కింద ఉండాల్సిన షవత్తు విడిపోయి పక్కన పడుతుంది, రావత్తు ఇంకెక్కడో తేలుతుంది, దీర్ఘం దారి తప్పుతుంది. సెట్టింగుల్లోకి పోయి టైప్ దగ్గర దక్షిణాసియా భాషల ఇంజన్ ఎంచుకుంటే అక్షరాలు బుద్ధిగా కూర్చుంటాయి. రెండు నిమిషాల పని. సిలబస్‌లో లేదు. ఎందుకంటే ఆ సిలబస్‌లో తెలుగు అనే భాష లేదు, టేక్మాల్ అనే ఊరు లేదు, పెండ్లి పత్రిక వీడియో అడిగే మనిషి లేడు. ఊళ్లో మిగిలిపోయిన మరో పోరడు మాత్రం 2001 నాటి పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో తప్పు లేకుండా పత్రిక కొట్టి, ఫోన్‌లో అలైట్ మోషన్ పెట్టి, దానికి కదిలే దీపం కలిపి, పెళ్లివారి దగ్గర చేతికి చేయి పైసలు తీసుకుంటున్నాడు. వాడికి సర్టిఫికెట్ లేదు. అందుకని వాడు యానిమేటర్ కాదు.

సర్టిఫికెట్ లేనివాళ్లు వాడికి ముందూ ఉన్నారు. సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ చిత్రకారులు పటం మీద కథను గళ్లు గళ్లుగా గీస్తే, కథకులు ఊరూరా తిరిగి ఒక్కో గడి విప్పుతూ పాడి వినిపించేవారు. ఏ గడిలో ఎవరు నిలబడాలి, కథ ఎక్కడ ఆగాలి అన్నీ తెలిసినవాళ్లు. కోర్సులో స్టోరీబోర్డింగ్ మాడ్యూల్ ఉంటుంది. అందులో వాళ్ల పేరు వెతకకండి, కళ్లు నొప్పి పుడతాయి.

ఇప్పుడు బోర్డులు మళ్లీ మారుతున్నాయి. మాయా చెరిపేసి ఏఐ అని రాస్తున్నారు. గది అదే, ఏసీ అదే, చల్లటి నీళ్లూ అవే. వాక్యం కొడితే వీడియో వస్తుందట, ఇక బటన్లు కూడా నేర్చుకోనక్కర్లేదట. నిన్నటిదాకా డ్రాయింగ్ రాకపోయినా పర్వాలేదన్నారు, ఇవాళ సాఫ్ట్‌వేర్ రాకపోయినా పర్వాలేదంటున్నారు. రేపు విద్యార్థి రాకపోయినా పర్వాలేదంటారేమో. ఫీజు మాత్రం రావాలి.

అందుకని జోగిపేట బస్సెక్కబోతున్న తండ్రులారా, మిమ్మల్ని పోవద్దనను. పిలగాడికి బుద్ధి పుట్టింది, పోనివ్వండి. మంచి గురువులూ ఉన్నారు, తక్కువగా ఉన్నారు. అక్కడ ఏసీ గదిలో మాయా, మ్యాక్స్ స్తోత్రం అయ్యేదాకా ఓపిక పట్టండి. నీళ్లు తాగండి. అప్పుడు అడగండి:

"మేడం, మావోనికి నేర్పే సారు తన చేతులతోని చేసిన బొమ్మ ఒక్కటి సూపియ్యుండ్రి. సిన్నదైనా సాలు."

"సార్ ఇప్పుడే లంచ్‌కి వెళ్లారు అంకుల్. మీరు ఈలోపు ఈఎంఐ ఫారం నింపండి."